ఎమ్మెల్యే, ఎంపీల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో, అంటే సభ్యుల కేకలను బట్టి, ఆమోదించింది. రెండు రోజుల తర్వాత రాజ్యసభ కూడా అదే పద్ధతిలో ఆమోదం తెలిపింది. అంతకుముందు జనవరి 30న, అదే బిల్లును తిరస్కరించాలన్న తీర్మానం ఉమ్మడి రాష్ట్ర శాసనసభలోనూ మూజువాణితోనే నెగ్గింది. ఓరుగల్లు ప్రాంత ప్రజల జీవితాన్ని ఇంతగా మార్చిన శాసనం ఈ తరంలో మరొకటి లేదు. అయినా ఆ మూడు సందర్భాల్లోనూ తుది నిర్ణయానికి ఎవరెవరు ‘అవును’ అన్నారో, ఎవరెవరు ‘కాదు’ అన్నారో చూపే పేర్ల పట్టిక లేదు. ఉద్యమకాలంలో ఊరూరా ప్రతి నాయకుడి మాటనూ తూకం వేసిన జనానికి సభలో అదే నాయకుడు వేసిన ఓటును చూసే వీలు లేకపోయింది.

ప్రజాప్రతినిధి పనితీరును గమనించాలనుకునే ఓటరు ముందుగా అర్థం చేసుకోవలసిన సంగతి ఇదే. సభలో ఓటు, ఎన్నికల ఖర్చు, పదవిలో ఉండగా చేతుల మీదుగా నడిచే డబ్బు అనే మూడింటినీ ఒకే గాటన కట్టి ‘రికార్డు’ అనడం తేలికే గానీ, మన వ్యవస్థలో ఈ మూడింటికీ దొరికే ఆధారాలు ఒక్క తీరుగా ఉండవు. ఓటుకు చాలాసార్లు పేరు ఉండదు. ఉన్నప్పుడు కూడా ఆ నిర్ణయం పార్టీదే అయి ఉంటుంది. అందుకు భిన్నంగా సిఫార్సు లేఖ మీద, అడిగిన ప్రశ్న మీద, ఎన్నికల ఖర్చుల పుస్తకం మీద ఆ వ్యక్తి పేరో సంతకమో తప్పకుండా ఉంటుంది. వెతకవలసింది ఆ సంతకాన్ని.

ఓటు పద్ధతి సంగతి మొదట చూద్దాం. సభాపతి ప్రశ్న పెడతారు, సభ్యులు గొంతెత్తి అవునంటారు లేదా కాదంటారు, ఏ వైపు బలం ఉందో సభాపతి ప్రకటిస్తారు. ఆ ప్రకటనను సభ్యులు సవాలు చేసి డివిజన్ కోరితేనే ఓట్లు లెక్కించి, పేర్లు నమోదు చేస్తారు. రాజ్యాంగ సవరణ బిల్లులకు మాత్రం మొత్తం సభ్యుల్లో మెజారిటీ, హాజరై ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు కావాలని 368వ అధికరణం చెబుతున్నందున లెక్కింపు తప్పదు. అందుకే మహిళా రిజర్వేషన్ బిల్లుకు 2023 సెప్టెంబరు 20న లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటేశారని కచ్చితంగా చెప్పగలం. ఆ ఇద్దరిలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ ఒకరని కూడా తెలుసు. 2025 ఏప్రిల్‌లో వక్ఫ్ సవరణ బిల్లు మామూలు బిల్లే అయినా ప్రతిపక్షం పట్టుబట్టడంతో డివిజన్ జరిగి 288–232గా తేలింది. ఇలాంటి సందర్భాల్లో ఆ రోజు సభా చర్చల ప్రతిలో పేర్లు అచ్చవుతాయి, లోక్‌సభ వెబ్‌సైటులో ఎవరైనా చదువుకోవచ్చు. రాష్ట్ర శాసనసభలో డివిజన్ ఇంకా అరుదు. కీలకమైన బిల్లులు కూడా ఒక్క పూటలో మూజువాణితో గట్టెక్కుతుంటాయి కాబట్టి, ఎమ్మెల్యే ఓట్ల చిట్టా తయారు చేయాలనుకునేవారికి అయిదేళ్ల కాలానికి కొన్ని పంక్తులు మించి దొరకకపోవచ్చు.

దొరికిన పంక్తి కూడా వ్యక్తి మనసును చెప్పదు. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు, అంటే ఫిరాయింపుల నిరోధక నిబంధనల ప్రకారం, పార్టీ విప్ (ఎలా ఓటేయాలో చెప్పే ఆదేశం) జారీ చేసినప్పుడు అందుకు విరుద్ధంగా ఓటేసినా, గైర్హాజరైనా, ముందస్తు అనుమతి లేకుంటే, పదిహేను రోజుల్లోగా పార్టీ మన్నించకుంటే, సభ్యత్వమే పోతుంది. దీనికి మన పక్కనే ఉదాహరణ ఉంది. 2011 డిసెంబరులో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వంపై తెలుగుదేశం పెట్టిన అవిశ్వాస తీర్మానానికి, కాంగ్రెస్ విప్‌ను ధిక్కరించి, అనుకూలంగా ఓటేసినవారిలో అప్పటి పరకాల ఎమ్మెల్యే కొండా సురేఖ ఒకరు. మరుసటి మార్చిలో స్పీకరు అనర్హత వేటు వేశారు. 2012 జూన్‌లో ఉప ఎన్నిక వచ్చింది. వైఎస్ఆర్ కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీచేసిన ఆమె స్వల్ప తేడాతో టీఆర్ఎస్ చేతిలో ఓడిపోయారు. ఒక ఓటుకు సభలో శిక్ష పడి, ఆ వెంటనే ప్రజల ముందు విచారణ కూడా జరిగిన అరుదైన సందర్భమది.

అదే షెడ్యూలు పార్టీ మారిన సభ్యుడి విషయంలో ఎంత నెమ్మదిగా నడుస్తుందో తర్వాతి కథ చెబుతుంది. 2023 ఎన్నికల్లో బీఆర్ఎస్ టికెట్టు మీద గెలిచి కాంగ్రెస్ వైపు వెళ్లారన్న పదిమంది ఎమ్మెల్యేలపై వచ్చిన అనర్హత పిటిషన్లు స్పీకరు ముందు నెలల తరబడి ఉండిపోయాయి. స్టేషన్ ఘన్‌పూర్ ఎమ్మెల్యే కడియం శ్రీహరి ఆ పదిమందిలో ఉన్నారు. కోర్టుకెక్కినవారిలో హుజూరాబాద్ ఎమ్మెల్యే పాడి కౌశిక్‌రెడ్డి ఉన్నారు. మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న ఆదేశించవలసి వచ్చింది. అంటే విప్‌కు ఎదురు తిరిగి వేసిన ఓటు వేగంగా లెక్కకు వచ్చింది గానీ, ఏ పార్టీలో ఉన్నారన్న ప్రాథమిక ప్రశ్న ఏడాదికి పైగా రికార్డుకు ఎక్కకుండానే మిగిలిపోయింది. రాజ్యసభ ఎన్నికల్లో ఎమ్మెల్యే వేసే ఓటు మరో వింత: 2003 నుంచి అది బహిరంగ ఓటు. అయితే బ్యాలెట్టు చూపవలసింది పార్టీ ఏజెంటుకు, ఓటరుకు కాదు.

కాబట్టి సభలో సభ్యుడి సొంత పనిని పట్టిచ్చేది ఓటు కన్నా ప్రశ్న. ఎంపీ పేరుతో లోక్‌సభ ప్రశ్నల విభాగంలో వెతికితే అయిదేళ్లలో అడిగినవన్నీ జవాబులతో సహా వస్తాయి. చట్టసభల పనిని గమనించే పీఆర్ఎస్ సంస్థ హాజరు, ప్రశ్నలు, చర్చలు, ప్రైవేటు బిల్లుల సంఖ్యలను సభ్యుల వారీగా ఒకచోట చేర్చి పెడుతుంది. పత్రికల్లో ఏటా కనిపించే ర్యాంకులు చాలావరకు ఈ సంఖ్యల నుంచి పుట్టినవే. వాటిని నమ్మేముందు కొన్ని జాగ్రత్తలు అవసరం. మంత్రులు హాజరు పట్టికలో సంతకం చేయరు, ప్రశ్నలు అడగరు. కాబట్టి మంత్రి అయిన ఎంపీ ఈ పట్టికలో సున్నాగా కనిపించడం సోమరితనం కాదు. మంత్రి సభలో నోటిమాటగా జవాబివ్వవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్నలు రోజుకు ఇరవైకి మించవు, వాటి ఎంపిక లాటరీలో జరుగుతుంది కనుక అందులో అదృష్టం పాలు ఉంటుంది. ఒకే ప్రశ్న కింద పలువురు సభ్యుల పేర్లు కలిపి వేయడమూ మామూలే. సంఖ్యను పక్కన పెట్టి విషయాన్ని వెతకడం మేలు. కాజీపేట రైలు కర్మాగారం, బయ్యారం ఉక్కు, ములుగు గిరిజన విశ్వవిద్యాలయం, మామునూరు విమానాశ్రయం అన్న మాటలతో వెతికితే, వరంగల్, మహబూబాబాద్ ఎంపీలు పదేళ్లుగా ఏమి అడిగారో, కేంద్రం ఏ సంవత్సరం ఏ మాట చెప్పిందో వరుసగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం పదమూడో షెడ్యూలులో ఖమ్మం జిల్లా ఉక్కు కర్మాగారం గురించి రాసింది ‘సాధ్యాసాధ్యాలు పరిశీలించాలి’ అనే. ఆ ఒక్క క్రియాపదాన్ని పట్టుకుని ఎన్ని జవాబులు నడిచాయో చదివితే గానీ, వేదిక మీద ‘సాధించి తీరుతాం’ అన్న ప్రకటనల బరువెంతో తెలియదు. ఎమ్మెల్యేల విషయంలో ఇంత సౌకర్యం లేదు. శాసనసభ చర్చల ప్రతులను తేదీలవారీగా ఓపికగా తిరగేయవలసిందే.

ఇక డబ్బు. ఎంపీకి 2023 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా నెల వేతనం 1,24,000 రూపాయలు, నియోజకవర్గ భత్యం 87,000, కార్యాలయ ఖర్చుల భత్యం 75,000. కార్యాలయ భత్యంలో 50,000 సహాయకుడి జీతానికి, 25,000 స్టేషనరీకి. తెలంగాణ ఎమ్మెల్యేకు 2016లో పెంచిన ప్రకారం మూలవేతనం 20,000, నియోజకవర్గ భత్యం 2,30,000. వెరసి నెలకు రెండున్నర లక్షలు. అమెరికాలో ప్రతినిధుల సభ ప్రతి సభ్యుడి కార్యాలయ ఖర్చునూ మూడు నెలలకోసారి పద్దులవారీగా ప్రచురిస్తుంది. మన దగ్గర నియోజకవర్గ భత్యం ఏకమొత్తం, దానికి బిల్లులు పెట్టే పని లేదు. అందువల్ల ‘మా ఎమ్మెల్యే ఆఫీసు ఖర్చు వివరాలు ఇవ్వండి’ అని సమాచార హక్కు దరఖాస్తు పెడితే, ఆ పేరుతో రికార్డే లేదన్న జవాబు వస్తే ఆశ్చర్యపోనవసరం లేదు. నియోజకవర్గ కేంద్రంలోని క్యాంపు కార్యాలయ భవనానికి అయిన నిర్మాణ వ్యయం, మరమ్మతుల బిల్లులు మాత్రం రోడ్లు భవనాల శాఖ దగ్గర ఉంటాయి. ప్రశ్న అక్కడికి వెళ్లాలి.

అసలు దృష్టి పెట్టవలసింది జీతభత్యాల మీద కాదన్నది నా అభిప్రాయం. ఎంపీ స్థానిక ప్రాంతాభివృద్ధి నిధి ఏడాదికి 5 కోట్లు. 1993లో మొదలైనప్పుడు అది 5 లక్షలు; 2011–12 నుంచి ఈ మొత్తానికి చేరింది; కోవిడ్ కాలంలో 2020 ఏప్రిల్‌లో ఆపి, మరుసటి ఏడాది నవంబరులో పునరుద్ధరించారు. అందులో 15 శాతం ఎస్సీ నివాస ప్రాంతాలకు, 7.5 శాతం ఎస్టీ నివాస ప్రాంతాలకు వెచ్చించాలి. తెలంగాణలో ఎమ్మెల్యేలకు, ఎమ్మెల్సీలకు నియోజకవర్గ అభివృద్ధి నిధి ఉంది; 2016లో 3 కోట్లుగా ఉన్నది 2021లో 5 కోట్లయింది. ఈ డబ్బు ప్రజాప్రతినిధి ఖాతాలోకి రాదు. ఆయన కలెక్టరుకు సిఫార్సు లేఖ రాస్తారు. ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం ద్వారా పరిపాలనా మంజూరు వస్తుంది. పంచాయతీరాజ్ ఇంజినీర్లో, మున్సిపాలిటీయో అంచనా వేసి పని చేయిస్తారు. చేసిన పనిని ఎం-బుక్ అనే కొలతల పుస్తకంలో రాశాకే బిల్లు చెల్లుతుంది. సిఫార్సు చేసినది, మంజూరైనది, విడుదలైనది, ఖర్చయినది నాలుగు వేరువేరు మొత్తాలు. సభల్లో మొదటిది చెబుతారు, ప్రత్యర్థి నాలుగోది చెబుతారు, ఇద్దరూ నిజమే చెప్పినట్టవుతుంది. ఖర్చు కానిదంతా నాయకుడి వైఫల్యమని తీర్పు ఇవ్వడమూ సరికాదు. లేఖ ఇచ్చి ఏడాదైనా అంచనా తయారు కాకపోతే జాప్యం ఎక్కడిదో తేదీలే చెబుతాయి.

ఎంపీ నిధుల వివరాలకు ఈ-సాక్షి అన్న వెబ్ వేదిక 2023 నుంచి ఉంది. ఎమ్మెల్యే నిధులకు సమాచార హక్కు చట్టమే దారి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇక్కడ నియోజకవర్గం ఒక జిల్లాలో ఇమడదన్న సంగతి చాలామందిని తికమక పెడుతుంది. పరకాల నియోజకవర్గంలో పరకాల, నడికూడ, ఆత్మకూరు, దామెర మండలాలు హనుమకొండ జిల్లావి. గీసుగొండ, సంగెం వరంగల్ జిల్లావి. స్టేషన్ ఘన్‌పూర్ జనగామ జిల్లాలో ఉన్నా ధర్మసాగర్, వేలేరు హనుమకొండ కింద ఉన్నాయి. ఒక్క కలెక్టరేట్‌లో అడిగి ఊరుకుంటే సగం జాబితా చేతికొచ్చి, మిగతా మండలాలకు ఏమీ చేయలేదన్న తప్పుడు నిర్ణయానికి రావచ్చు.

దరఖాస్తులో వాడే మాట కూడా ముఖ్యం. ‘నిధులు ఎలా ఖర్చుపెట్టారు, ఎందుకు దుర్వినియోగం అయ్యాయి’ అని అడిగితే అధికారి దగ్గర దానికి కాగితం ఉండదు. చట్టం ఇచ్చేది ఉన్న రికార్డునే తప్ప సంజాయిషీని కాదు. దానికి బదులు ఇలా రాయవచ్చు: ‘2023 డిసెంబరు నుంచి నేటి వరకు నియోజకవర్గ అభివృద్ధి నిధి కింద ఫలానా ఎమ్మెల్యే సిఫార్సు చేసిన పనుల జాబితా ఇవ్వగలరు. ప్రతి పనికీ సిఫార్సు లేఖ తేదీ, గ్రామం, పరిపాలనా మంజూరు ఉత్తర్వు సంఖ్య, అంచనా మొత్తం, అమలు చేసిన శాఖ, ఎం-బుక్ సంఖ్య, చెల్లించిన మొత్తం, చివరి చెల్లింపు తేదీ తెలుపగలరు.’ వచ్చిన జాబితాలో ‘ఫలానావారి ఇంటి నుంచి ఫలానావారి ఇంటి వరకు సీసీ రోడ్డు’ అన్న వరుసలు చాలా ఉంటాయి. అవే బంగారం. అదే రోడ్డు ఉపాధి హామీ పద్దులోనో, ఆర్థిక సంఘం నిధుల్లోనో, ప్రత్యేక అభివృద్ధి నిధిలోనో మరో ఎం-బుక్ సంఖ్యతో కనిపిస్తే ప్రశ్న అడగడానికి కారణం దొరికినట్టే. శిలాఫలకం మీద ఎమ్మెల్యే పేరు ఎంత పెద్దగా ఉన్నా పద్దు పేరు చాలాసార్లు ఉండదు. అక్కడితో ఆగనక్కర లేదు: చట్టంలోని 2(జె) సెక్షన్ ప్రకారం పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, సామగ్రి ధ్రువీకృత నమూనా తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. జవాబు రాకపోతే ముప్పై రోజుల్లో మొదటి అప్పీలు, ఆ తర్వాత తొంభై రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. 2025 నవంబరు నుంచి వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) మినహాయింపు విస్తృతమైంది కనుక, కాంట్రాక్టరు వ్యక్తిగత వివరాల జోలికి పోకుండా పని, కొలత, మొత్తం వరకే అడగడం తెలివైన పని.

ఇదే సందర్భంలో ఒక ఫొటో గురించి చెప్పాలి. కల్యాణలక్ష్మి కింద 1,00,116 రూపాయల చెక్కును పెళ్లికూతురి తల్లికి ఎమ్మెల్యే అందిస్తున్న దృశ్యం వారానికొకటైనా కనిపిస్తుంది. ఆ డబ్బు రాష్ట్ర ఖజానాది, విచారణ తహసీల్దారుది. సీఎం సహాయ నిధి చెక్కులదీ అంతే, డబ్బు ఎమ్మెల్యేది కాదు. వీటిని ఎమ్మెల్యే ‘ఇచ్చిన’ పద్దులో కలిపితే లెక్క మొత్తం తారుమారవుతుంది. పంపిణీ సభ కోసం చెక్కులు ఎన్నాళ్లు ఆగాయన్నది మాత్రం న్యాయంగా అడగదగ్గ ప్రశ్నే.

ఎన్నికల ఖర్చుకు వస్తే, సంతకం చేసిన కాగితం ఇక్కడ అన్నింటికన్నా విస్తారంగా దొరుకుతుంది. 2022 జనవరి నుంచి తెలంగాణ వంటి రాష్ట్రాల్లో పరిమితి లోక్‌సభ అభ్యర్థికి 95 లక్షలు, అసెంబ్లీ అభ్యర్థికి 40 లక్షలు. నామినేషన్ రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు వరకు అయిన ఖర్చే లెక్కలోకి వస్తుంది. అభ్యర్థి ప్రత్యేక బ్యాంకు ఖాతా తెరవాలి. ఒకరికి 10,000 రూపాయలకు మించి నగదు ఇవ్వకూడదు. ఎన్నికల అధికారి ఇచ్చే రిజిస్టరులో తెల్ల కాగితాలు రోజువారీ ఖర్చుకు, గులాబీవి నగదుకు, పసుపువి బ్యాంకు లావాదేవీలకు. కుర్చీ, టెంటు, బిర్యానీ పొట్లం, అద్దె బస్సు, ఒక్కోదానికి జిల్లా ఎన్నికల అధికారి ముందే ధరల పట్టిక ఖరారు చేస్తారు. అభ్యర్థి రాసుకునే పుస్తకానికి సమాంతరంగా అధికారులు మరో పుస్తకం నడుపుతారు. దాన్ని షాడో రిజిస్టరు అంటారు. సభను వీడియో తీసి, కుర్చీలు లెక్కపెట్టి, పట్టికలోని ధరతో గుణించి అందులో ఎక్కిస్తారు. ఒకే రోజుకు ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడం కన్నా మంచి పరిశీలన లేదు: అభ్యర్థి వెయ్యి కుర్చీలు రాసిన చోట షాడోలో అయిదు వేలు ఉంటే, ఆ తేడాపై అధికారి ఇచ్చిన నోటీసు, దానికి అభ్యర్థి రాసిన వివరణ కూడా ఆ ఫైలులోనే ఉండాలి. ఒక్క రూపాయి రుసుముతో ఎవరైనా ఈ ఖాతాను చూడవచ్చని ఎన్నికల నిర్వహణ నియమాల్లో 88వ నియమం చెబుతుంది.

అయితే ఈ పుస్తకాలు చూపేది ఖర్చులో ఒక భాగమే. స్టార్ ప్రచారకుల ప్రయాణ ఖర్చు ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి ఖాతాలో పడదు; అభ్యర్థి ఆ వేదికెక్కితేనో, ఆయన పేరూ ఫొటోలూ అక్కడ ఉంటేనో సభ ఖర్చులో వాటా పడుతుంది. పార్టీ చేసే సాధారణ ఖర్చుకు పరిమితే లేదు. పోలింగుకు ముందు రాత్రి చేతులు మారే నోట్లు ఏ రంగు కాగితం మీదా కనిపించవని ఉత్తర తెలంగాణలో ఎవరికీ చెప్పనక్కర లేదు. అయినా పుస్తకాలు పనికిమాలినవి కావు. పార్టీలు అసెంబ్లీ ఎన్నికల తర్వాత 75 రోజుల్లో, లోక్‌సభ ఎన్నికల తర్వాత 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి వేరుగా లెక్క ఇవ్వాలి. అందులో ఏ అభ్యర్థికి ఎంత ఇచ్చిందీ ఉంటుంది. పార్టీ ఇచ్చానన్న మొత్తం, అభ్యర్థి అందుకున్నానన్న మొత్తం ఒకటి కాకపోతే ఇద్దరిలో ఒకరి సంతకం తప్పు. నామినేషన్‌తో పాటు అభ్యర్థి ఆస్తులు, అప్పులు ప్రకటించే ఫారం 26 అఫిడవిట్‌ను కూడా ఇలాగే, ఒక్క ఎన్నికది కాకుండా వరుసగా రెండు మూడు ఎన్నికలవి పక్కన పెట్టి, ఆస్తితో పాటు అప్పును, అయిదేళ్ల ఆదాయ పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయాన్ని కలిపి చదవాలి. భూమి ధర పెరిగినందువల్ల పెరిగిన ఆస్తికీ కొత్తగా కొన్న ఆస్తికీ తేడా సర్వే నంబర్లే చెబుతాయి.

గడువుల్లో ఒక ఇరుకు ఉంది. అభ్యర్థి ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క దాఖలు చేయాలి. చేయకపోతే అదే చట్టం 10ఎ సెక్షన్ కింద మూడేళ్ల వరకు అనర్హత. పరిమితి మించడం 123(6) ప్రకారం అవినీతి చర్య, దాని మీద హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయవచ్చు. ఆ నియోజకవర్గ ఓటరు ఎవరైనా వేయవచ్చు. కానీ ఆ పిటిషన్‌కు గడువు 45 రోజులే. లెక్క చివరి రోజున అందితే దాన్ని చూసి, నకలు తీసుకుని, షాడో రిజిస్టరుతో పోల్చి, వకీలును పట్టుకోవడానికి మిగిలేది పదిహేను రోజులు. కాబట్టి పనిని ప్రచారం నడుస్తుండగానే మొదలుపెట్టాలి. ప్రచార కాలంలో అభ్యర్థి కనీసం మూడుసార్లు రిజిస్టరును తనిఖీకి తేవాలి, అలా తనిఖీ అయిన పేజీలను జిల్లా ఎన్నికల వెబ్‌సైటులో అప్పటికప్పుడే పెడతారు.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు మిగులుతుంది. ప్రజాప్రాతినిధ్య చట్టం 76వ సెక్షన్ ఈ ఖర్చుల అధ్యాయం లోక్‌సభ, శాసనసభ ఎన్నికలకే వర్తిస్తుందని చెబుతుంది. వరంగల్–ఖమ్మం–నల్లగొండ పట్టభద్రుల శాసనమండలి స్థానానికి 2024 మేలో ఉప ఎన్నిక జరిగింది. మూడు ఉమ్మడి జిల్లాలంత విస్తీర్ణం, లక్షల్లో ఓటర్లు, పెద్ద పార్టీలన్నీ బరిలో. ఆ అభ్యర్థుల్లో ఎవరికీ ఖర్చు పరిమితి లేదు, తెల్ల కాగితమూ గులాబీ కాగితమూ పూరించే పని లేదు. అక్కడ గెలిచినవారి చేతికి కూడా ఏడాదికి అదే అయిదు కోట్ల నియోజకవర్గ నిధి సిఫార్సు అధికారం వస్తుంది. అందుకే ఎమ్మెల్సీ విషయంలో వెతుకులాట ఎన్నికల పుస్తకం దగ్గర కాక, మొదటి సిఫార్సు లేఖ దగ్గరే మొదలవుతుంది.